తప్పు వేలిది కాదు

మిత్రులారా, గత భాగంలో హాస్టల్ మెస్ చార్జీల గురించి మాట్లాడుకున్నాం. ఈ వారం మన సభల్లో, మన కరపత్రాల్లో ఎప్పుడూ చర్చకు రాని ఒక పని గురించి రాస్తున్నాను. దాని పేరు ఇంటరాక్షన్ డిజైన్. తెలుగు పాఠం చెప్పుకునే లెక్చరర్‌కి ఈ గొడవ ఎందుకని కొందరికి అనిపించొచ్చు. పోస్టు కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి.

రేషన్ షాపులో వేలిముద్ర పడకపోతే అవ్వ ఏమంటది? "నా వేలు మంచిగ లేదు బిడ్డా" అంటది. స్కాలర్‌షిప్ అప్లికేషన్ వెనక్కొస్తే డిగ్రీ చదివే పిల్ల ఏమంటది? "నేనే ఏదో తప్పు కొట్టిన సార్" అంటది. బ్యాంకు యాప్ తెరిచిన నాయన "నాకు రాదు, నువ్వే చూడు" అని ఫోన్ కొడుకు చేతికిస్తడు. గమనించండి, ముగ్గురూ తప్పు తమ మీదే వేసుకున్నారు. మిషన్‌ది తప్పని ఒక్కరూ అనలేదు. తరతరాలుగా "లోపం మీలోనే ఉంది" అని విన్నవాళ్లం కదా, కొత్త మిషన్ ముందు కూడా పాత అలవాటు ప్రకారమే తల దించుకుని నిలబడుతున్నాం.

ఆ అవ్వ వేలి గీతలు ఎందుకు అరిగాయి? నలభై ఏళ్లు నాట్లేసింది, రాళ్లు మోసింది, అంట్లు తోమింది, సిమెంటు కలిపింది. ఒళ్లొంచి పనిచేసే మనిషి వేలు అరుగుతుంది. దేశంలో ఎక్కువమంది అట్లాంటి పనులే చేస్తారని తెలిసి కూడా తిండిగింజలకు వేలిముద్రను తాళంచెవి చేశారు. అలాంటప్పుడు తప్పు వేలిది ఎట్లా అవుతుంది?

సరిగ్గా ఈ ప్రశ్న దగ్గరే ఇంటరాక్షన్ డిజైనర్ పని మొదలవుతుంది.

డిజైన్ అనగానే మనకు రంగులు, పోస్టర్లు, ఫ్లెక్సీలు గుర్తొస్తాయి. ఇది అది కాదు. మనిషి ఒక వస్తువును ముట్టుకున్నప్పుడు ఇద్దరి మధ్యా ఒక మాటామంతీ నడుస్తుంది. ఇక్కడ నేనేం చేయొచ్చు? చేశాక ఏమైంది? తప్పు జరిగితే వెనక్కి ఎట్లా రావాలి? ఈ మూడు ప్రశ్నలకూ ఆ వస్తువే జవాబు చెప్పేలా తయారు చేయటం ఈ పని. 1980ల మధ్యలో బిల్ మాగ్రిడ్జ్, బిల్ వెర్‌ప్లాంక్ అనే ఇద్దరు దీనికి ఈ పేరు పెట్టారు. మాగ్రిడ్జ్ తొలితరం ల్యాప్‌టాప్‌లలో ఒకదానికి రూపమిచ్చినవాడు. దాన్ని తానే వాడటం మొదలుపెట్టాక, తాను గీసిన పెట్టె కంటే తెర మీద జరిగే వ్యవహారమే అసలు సంగతని అతనికి తెలిసొచ్చింది.

పేరు అప్పుడు వచ్చింది గానీ ఆలోచన అంతకన్నా పాతది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా బి-17 బాంబర్ విమానాలు క్షేమంగా నేలమీద దిగాక కూడా కూలబడేవి. పైలట్లు చక్రాలు లోపలికి ముడిచేసేవారు. అంతా "పైలట్ తప్పిదం" అని రాసుకుంటూ పోయారు. 1943లో ఆల్ఫోన్స్ చపానిస్ అనే సైకాలజిస్టు కాక్‌పిట్‌లోకి పోయి చూశాడు. చక్రాల స్విచ్, రెక్కల వెనకుండే ఫ్లాపుల స్విచ్ పక్కపక్కనే ఉన్నాయి, చూడటానికి ఒక్కలాగే ఉన్నాయి. అలిసిపోయిన మనిషి ఒకటి అనుకుని ఇంకొకటి నొక్కటంలో వింతేముంది? అతను చక్రాల మీటకు చిన్న రబ్బరు చక్రం, ఫ్లాపు మీటకు రెక్క ముక్క లాంటి ఆకారం తగిలించాడు. చెయ్యి తడిమితేనే తేడా తెలిసేలా చేశాడు. సమస్య తీరింది. ఈ రోజుకీ విమానాల్లో ల్యాండింగ్ గేర్ మీట చివర చక్రం ఆకారమే ఉంటుంది.

ఈ కథలో నాకు ముఖ్యమైంది చపానిస్ తెలివి కాదు. అతను అడిగిన ప్రశ్న. "ఈ మనిషిలో లోపమేంది?" అని అడగకుండా "ఈ అమరికలో లోపమేంది?" అని అడిగాడు. ఇది మనకు తెలియని ప్రశ్నా? బాబాసాహెబ్ జీవితమంతా ఈ దేశాన్ని అడిగిన ప్రశ్న ఇదే కదా. అణగారిన మనిషిలో ప్రతిభ లేదా, లేక ప్రతిభ బయటపడకుండా అమర్చిన ఏర్పాటులో లోపముందా? మెరిట్ మీద వాదించే ప్రతి స్నేహితుడికీ మనం చెప్పే జవాబు, డిజైన్ క్లాసులో మొదటి రోజు చెప్పే పాఠం ఒకటే.

మహద్ చెరువునే తీసుకోండి. 1923లో బొంబాయి శాసనమండలి బోలే తీర్మానం చేసింది. ప్రభుత్వ చెరువులు, బావులు, బడులు అంటరానివాళ్లకు కూడా వాడుకునే హక్కుందన్నది. 1924లో మహద్ మున్సిపాలిటీ చవదార్ చెరువు అందరికీ తెరిచామని తీర్మానించింది. కాగితం మీద చెరువు తెరుచుకుంది. కానీ 1927 మార్చి 20న అంబేడ్కర్ వెంట వేలమంది నడిచిపోయి దోసిట్లో నీళ్లు పట్టేదాకా ఆ చెరువు మనకు తెరుచుకోలేదు. అనుమతి ఉండటం వేరు, అందుబాటులో ఉండటం వేరు. "పోర్టల్ అందరికీ ఓపెన్ ఉంది కదా, ఎవరాపారు?" అనే ఆఫీసరుకు మనం చెప్పాల్సిన జవాబు మహద్‌లోనే ఉంది.

ఈ దేశానికి మంచి డిజైన్ చేతకాదని నేననను. 1951-52 తొలి సాధారణ ఎన్నికల్లో 17 కోట్లమందికి పైగా ఓటర్లు. అందులో అత్యధికులకు అక్షరం రాదు. అప్పుడేం చేశారు? ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె పెట్టి దాని మీద గుర్తు అంటించారు. ఏ గీతా గీయక్కర్లేదు, కాగితం తీసుకుపోయి నచ్చిన గుర్తున్న పెట్టెలో వేస్తే చాలు. "ముందు చదువు నేర్చుకుని రండి, తర్వాత ఓటేద్దురు" అనలేదు. మనిషి ఎట్లా ఉన్నాడో అట్లాగే ఒప్పుకుని, ఏర్పాటును అతనికి తగ్గట్టు మార్చారు.

తర్వాత ఈవీఎం వచ్చింది. మన హైదరాబాద్ ఈసీఐఎల్, బెంగళూరు బీఈఎల్ వీటిని తయారు చేస్తాయి. 1982లో కేరళలోని పరవూర్‌లో మొదట వాడారు. ఆ యంత్రానికి ఇప్పుడు మనం చూసే రూపం ఇవ్వటంలో ఐఐటీ బొంబాయి డిజైన్ విభాగానికి చెందిన ఏ.జి. రావు, రవి పూవయ్యల పాత్ర ఉంది. దాని మీదుండే రాజకీయ వాదనలు వేరే విషయం, వాడకం ఒక్కటే చూద్దాం. పేరు, గుర్తు, నీలం బటన్ ఒకే వరసలో ఉంటాయి. నొక్కగానే పక్కన ఎర్ర లైటు వెలుగుతుంది. బీప్ మని శబ్దం వస్తుంది. ఓటు పడిందా లేదా అన్న అనుమానం ఉండదు. పేరు చదవలేని ముసలమ్మకు గుర్తుంది, లైటు చూడలేని మనిషికి శబ్దముంది, బ్రెయిలీ అంకెలున్నాయి. పాస్‌వర్డ్ లేదు, ఓటీపీ లేదు. మన ఓటు కావాల్సినప్పుడు ఇంత శ్రద్ధగా ఆలోచించిన రాజ్యం, మన పింఛను దగ్గరికి, మన స్కాలర్‌షిప్పు దగ్గరికి వచ్చేసరికి ఎందుకు ఆలోచించదు? ఇది టెక్నాలజీ ప్రశ్న కాదు మిత్రులారా.

ఇప్పుడు మన పిల్లల ఫారాల సంగతి. ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గడులుంటాయి. రెండూ నింపకపోతే ముందుకు పోనివ్వదు. మనకు ఇంటిపేరు ముందొస్తుంది, పేరు తర్వాతొస్తుంది. ఇంటిపేరు చాలాసార్లు ఒక్క పొడి అక్షరంగా మిగులుతుంది. ఆ గడులు అమెరికా పేర్ల కొలతతో కుట్టినవి. పేరు చివర రెడ్డి, రావు, శర్మ ఉన్నవాళ్లకు ఆ చొక్కా ఎంతో కొంత సరిపోతుంది. తోక లేని మా పిల్లలు ఏం చేస్తారు? కొందరు పేరునే రెండుసార్లు రాస్తారు, కొందరు తండ్రి పేరు పెడతారు, కొందరు చుక్క పెడతారు. 1994 దండోరా తర్వాత పేరు చివర మాదిగ అని ఆత్మగౌరవంతో పెట్టుకున్నవాళ్లున్నారు, వాళ్లది ఇంకో కథ. చివరికి టెన్త్ మెమోలో ఒక వరస, ఆధార్‌లో ఇంకో వరస, బ్యాంకులో మూడో వరస. పోర్టల్ "పేరు సరిపోలలేదు" అంటుంది. ఎక్కడ సరిపోలలేదో చెప్పదు. నా క్లాసు పిల్ల ఒకామె ఇదే కారణంతో ఆధార్ సెంటర్‌కీ, బ్యాంకుకీ, నెట్ సెంటర్‌కీ మధ్య తిరిగి తిరిగి గడువు దాటిపోయింది. వాళ్లమ్మ ఆరు రోజుల కూలి పోయింది. ఆ ఫారం గీసినవాళ్లు ఒక్క తెలుగు పల్లెకు పోయి పది పేర్లు రాసుకున్నా ఇది జరిగేది కాదు.

ఇక ఆ ఫారాల్లో తెలుగు. "చెల్లని ఇన్‌పుట్", "సెషన్ గడువు ముగిసినది", "ధ్రువీకరణ విఫలమైనది". ఎవరి భాష ఇది? గిడుగు రామమూర్తి వందేళ్ల కిందట చేసిన వ్యావహారిక భాషా పోరాటం పుస్తకాల్లో గెలిచింది, ఫారాల్లో ఇంకా గెలవలేదు. "పది నిమిషాలు దాటింది కాబట్టి ఫారం మూసుకుపోయింది. మీరు నింపింది పోలేదు. మళ్లీ తెరవండి" అని రాయొచ్చు కదా. మూడు చిన్న వాక్యాలు, ఏం జరిగింది, ఏం పోలేదు, ఇప్పుడేం చేయాలి. బటన్ మీద రాసే మాట కూడా డిజైనే. కంపెనీల్లో దీనికోసం ప్రత్యేకంగా మనుషులను పెట్టుకుంటారు. తెలుగు ఎంఏ చేసి "మాకు ఉద్యోగాల్లేవు సార్" అనే మా విద్యార్థులకు చెప్తున్నాను, ఇది మీ పని.

డిజైనర్ ఏం నేర్చుకోవాలి అని అడుగుతారు. ఫిగ్మా లాంటి సాఫ్ట్‌వేర్ కొన్ని వారాల్లో వస్తుంది. అసలు నైపుణ్యం వేరే. మొదటిది చూడటం. మనిషి ఫోన్ ఎట్లా పట్టుకున్నాడు, ఎక్కడ వేలు ఆగింది, ఎప్పుడు పక్కవాడి మొహం చూశాడు. రెండోది వినటం, మధ్యలో నేర్పకుండా వినటం. మూడోది కాగితం మీద బొమ్మ గీసి, అది మనిషి చేతికిచ్చి, పనికిరాదని తేలితే చించి మళ్లీ గీయటం. తర్వాత కొలతలు. బటన్ ఎంత పెద్దగా, ఎంత దగ్గరగా ఉంటే అంత సులువుగా వేలు చేరుతుందని పాల్ ఫిట్స్ 1954లోనే లెక్క కట్టాడు. ముట్టుకునే చోటు సుమారు 9 మిల్లీమీటర్లు ఉండాలని గూగుల్ తన డిజైనర్లకు చెప్తుంది. అక్షరానికీ వెనక రంగుకీ మధ్య తేడా కనీసం 4.5కి 1 ఉండాలన్నది అంతర్జాతీయ ప్రమాణం. ఎండలో చేను గట్టు మీద నిలబడి పగిలిన స్క్రీన్ చూసే మనిషికి లేత బూడిదరంగు అక్షరం కనపడదు. మన లిపికి కిందా మీదా వొత్తులుంటాయి, వరసల మధ్య జాగా ఇంగ్లిష్ కొలతతో పెడితే వొత్తు తెగిపోతుంది. తెలుగు చదివే మనిషి ఆ గదిలో ఉంటేనే ఇది తెలుస్తుంది.

అయిదుగురితో పరీక్షిస్తే చాలు, చాలా లోపాలు బయటపడతాయని జేకబ్ నీల్సన్ అనే నిపుణుడు 2000లో రాశాడు. మంచి మాటే. కానీ ఆ అయిదుగురు ఎవరు? అయిదుగురూ మాదాపూర్ ఆఫీసులో పక్క కుర్చీలవాళ్లయితే? కొవిన్ పోర్టల్ 2021 జనవరిలో వచ్చింది. నెలల తరబడి ఇంగ్లిష్‌లోనే ఉంది. టీకా కావాలంటే ఆన్‌లైన్‌లో స్లాట్ పట్టుకోవాలన్న రోజుల్లో స్మార్ట్‌ఫోన్ లేనివాళ్ల గతేంటని సుప్రీంకోర్టు అడగాల్సి వచ్చింది. ఆ ప్రశ్న కోర్టు దాకా పోవాలా? డిజైన్ గదిలో మొదటి రోజే ఒక గొంతు అడగాల్సింది. ఆ గొంతు అక్కడ లేదు.

ఈ వృత్తిలో ఒక మాట పదేపదే వస్తుంది, "యూజర్". మన కోణం నుంచి ఆ మాటనే నిలదీయాలి. ఉపాధి హామీ పనుల్లో 2023 జనవరి 1 నుంచి అన్నిచోట్లా మొబైల్ యాప్ హాజరు తప్పనిసరి చేశారు. రోజుకు రెండుసార్లు ఫొటో ఎక్కించాలి. సిగ్నల్ లేకపోతే, ఫొటో ఎక్కకపోతే, చేసిన పనికి కూలి లేదు. ఆ ఏడాది కూలీలు ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర వంద రోజుల ధర్నాకు కూర్చున్నారు. ఆ యాప్‌కి యూజర్ ఎవరు? ఫోన్ పట్టుకున్న మేట్. గునపం పట్టుకున్న కూలి తల్లి యూజర్ కాదు, ఆమె ఫొటోలో ఒక బొమ్మ మాత్రమే. యాప్ తప్పు చేస్తే ఆమె నొక్కటానికి ఒక్క బటన్ కూడా లేదు. ఎవరి కూలి ఆ తెర మీద ఆధారపడిందో వాళ్లకు ఆ తెర మీద చోటు లేదు. ఊరి రచ్చబండ కూడా ఇంతే కదా, మన గురించే తీర్పు, మనం మాత్రం దూరంగా నిలబడాలి.

తెలంగాణ రైతుకు ఇంకో మాట బాగా తెలుసు: "ఆప్షన్ లేదు". 2020 అక్టోబర్ 29న ధరణి వచ్చింది. పాత పహాణీలో ఉండే అనుభవదారు కాలమ్ అందులో లేదు. పట్టా ఒకరిది, సాగు ఇంకొకరిది అయినచోట, సాగు చేసేవాడి పేరు నిలబడే గడి పోయింది. రికార్డులో తప్పుందని తహసీల్దార్ దగ్గరకు పోతే "ఆప్షన్ లేదు" అన్నారు. 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి తెచ్చారు. ప్రభుత్వాల గొప్పలు పక్కన పెట్టండి. ఒక్క కాలమ్ తీసేస్తే ఒక మనిషి రికార్డు నుంచి మాయమవుతాడు. జీవో ఇస్తే ధర్నా చేస్తాం, చట్టం తెస్తే కోర్టుకు పోతాం. ఒక గడి తీసేస్తే మనకు తెలియను కూడా తెలియదు.

కులం బటన్‌లోకి ఎట్లా దూరుతుందో 2024 మార్చిలో చూశాం. జొమాటో కంపెనీ శుద్ధ శాకాహారానికి వేరే డెలివరీ దళం, ఆకుపచ్చ యూనిఫాం అని ప్రకటించింది. గొడవ అయ్యేసరికి తెల్లారే యూనిఫాం వెనక్కి తీసుకుంది. వీధిలో ఆ రంగును బట్టి ఎవరిని గేటు దగ్గర ఆపుతారో ఆ గదిలో ఎవరికీ తట్టలేదు. మన పిల్ల ఒకామె ఉంటే తట్టేది.

కొందరు కామ్రేడ్స్ అంటారు: "అన్నా, సమస్య అధికారంలో ఉంది, బటన్‌లో కాదు. బటన్లు బాగుచేస్తే భూమి వస్తుందా?" న్యాయమైన ప్రశ్న. రాదు. అందమైన యాప్‌తో కూడా మన ఇళ్లు ఖాళీ చేయించొచ్చు. చట్టం చెడ్డదైతే డిజైనర్ దాన్ని మంచిది చేయలేడు. కానీ మనం కొట్లాడి తెచ్చుకున్న హక్కు కూడా ఈ రోజు తెర దాటి రావాల్సిందే. రిజర్వేషన్ ఉంది, సీటు ఉంది, ఫీజు ఉంది, కానీ ఫారం సబ్మిట్ కాలేదు. గెలిచిన హక్కు గుమ్మం దగ్గర ఆగిపోతే ఆ గుమ్మం మన పోరాటంలో భాగం కాదా? 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ప్రజ్ఞా ప్రసూన్ కేసులో డిజిటల్ సేవలు అందుకోగలగటం ఆర్టికల్ 21 కింద జీవించే హక్కులో భాగమని చెప్పింది. యాసిడ్ దాడికి గురైన మహిళ కన్ను ఆర్పలేకపోతే కేవైసీ పూర్తికాదు, ఆ దగ్గర మొదలైన కేసు అది. కోర్టు ఇరవై ఆదేశాలిచ్చింది. "కన్ను ఆర్పటం నాకు రాదు" అని ఆమె ఊరుకోలేదు, మీ ఏర్పాటే తప్పు అన్నది. మన చేతికొచ్చిన ఆయుధం ఇది. వేలిముద్ర దగ్గర, హాజరు ఫొటో దగ్గర దీన్ని ఎత్తిపట్టాలి.

ఇప్పుడు తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీకు రెండు పనులు.

ఒకటి, ఈ వృత్తిలోకి రండి. ఇంటర్ ఏ గ్రూపైనా యూసీడ్ రాసి బీడిజైన్‌కి పోవచ్చు. మూడేళ్ల డిగ్రీ ఏదైనా సీడ్ రాసి ఎండిజైన్‌కి పోవచ్చు, బీఏ తెలుగు అయినా సరే, వయసు పరిమితి లేదు. ఐఐటీ హైదరాబాద్‌లో డిజైన్ విభాగముంది, ఆంధ్రలో ఎన్ఐడీ ఉంది. రిజర్వేషన్ ఉంది. పరీక్ష ఇంగ్లిష్‌లో ఉంటుంది, కోచింగ్ ఖరీదు, మన కాలేజీల్లో ఈ పేర్లే చెప్పరు. అందుకే మనమే చెప్పుకోవాలి. గోడ మీద అంటించండి. మన సీనియర్లు ఎవరైనా ఈ రంగంలో ఉంటే కింద కామెంట్లో ముందుకు రండి, నెలకో ఆదివారం పిల్లలకు చెప్దాం.

రెండోది ఇప్పుడే మొదలుపెట్టొచ్చు. ప్రతి మండల కేంద్రంలో ఒక నెట్ సెంటర్ అన్న ఉంటాడు. ఏ గడి దగ్గర ఫారం ఆగుతుందో, ఏ టైంకి సర్వర్ లేస్తుందో, పేరు ఎట్లా కొడితే ఒప్పుకుంటుందో అంతా అతనికి తెలుసు. మన జిల్లాల్లో అసలైన యూజర్ రీసెర్చర్ అతనే, ఎవరూ ఆ పేరు పెట్టలేదు. ఒక నోట్‌బుక్ తీసుకుని వారం రోజులు అతని పక్కన కూర్చోండి. ఎవరొచ్చారు, ఏం చేయబోయారు, ఎక్కడ ఆగిపోయారు, తెర ఏమన్నది, మనిషి ఏమన్నాడు, ఎంత డబ్బు, ఎన్ని రోజుల కూలి పోయింది. ఇవన్నీ రాయండి. మనుషుల పేర్లు, నంబర్లు, ఆధార్ వివరాలు మాత్రం రాయొద్దు. ఒక్కో మండలం నుంచి యాభై కేసులు వస్తే, "మనోళ్లకు రాదు" అనే మాటకు జవాబుగా ఒక జిల్లా నివేదిక తయారవుతుంది. దాన్ని కలెక్టర్ టేబుల్ మీద పెడదాం, సమాచార హక్కు దరఖాస్తుకు జత చేద్దాం, అవసరమైతే కోర్టులో వేద్దాం.

మా కాలేజీలో అయిదుగురు విద్యార్థులు వచ్చే సోమవారం నుంచి మొదలుపెడుతున్నారు. మీ ఊరి నుంచి ఎవరు? కామెంట్లో మండలం పేరు రాయండి చాలు.

వచ్చే భాగంలో కౌలు రైతు గుర్తింపు కార్డుల గురించి మాట్లాడుకుందాం.

జై భీమ్.